శనివారం రాని చప్పుడు

మా ఇల్లు మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సుకు కాస్త ఇవతల, అడవిలో ఉంది. మంచు తోసే కౌంటీ సర్కారు బండి పెద్ద రోడ్డు దాకానే వస్తుంది. అక్కడి నుంచి మా గుమ్మం దాకా ఉన్న మట్టిదారి నవంబరులో మంచు కింద మాయమైతే మళ్లీ ఏప్రిల్‌లోనే కనిపిస్తుంది. అందుకని చలికాలమంతా మా కారు పెద్ద రోడ్డు పక్కన షెడ్డులో ఉంటుంది, మేము ఇంట్లో ఉంటాం, మధ్యలో రాకపోకలకు స్నోమొబైల్ ఉంటుంది. ముందు జారే పలకల్లాంటి రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, మధ్యన మోటారుసైకిల్ సీటు లాంటి సీటు. మంచు మీద నడవడానికి చేసిన బండి.

ఈ అడవి నా ఎంపిక. ఇంజనీరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసుకోవడానికి నిశ్శబ్దమైన చోటు కావాలని పట్టుబట్టాను. దొరికింది. ఇక్కడ ఇరుగుపొరుగు అంటే జింకలే. వాటికి జాతకాలు లేవు, ముహూర్తాలు లేవు, వాస్తు పట్టింపు అసలే లేదు. ఖండించడానికి ఒక్క మనిషి కూడా దొరకని చోట కూర్చుని నేను జనాన్ని ఖండిస్తూ ఉంటాను.

నా భార్య ఇంకా రిటైరవలేదు. పట్నంలోని చిన్న ఆస్పత్రిలో పిల్లల డాక్టరు. అడవికి రావడానికి ఆవిడ పెట్టిన షరతు ఒకటే. మంచు వల్ల గానీ బండి వల్ల గానీ తను ఆస్పత్రికి వెళ్లలేని పరిస్థితి వస్తే, చలికాలాలు పట్నంలో అపార్ట్‌మెంట్ తీసుకుని ఉంటుంది. నేను కూడా రావచ్చు, లేదా జింకలతో ఉండవచ్చు. నేను ఒప్పుకున్నాను. యంత్రం అంటే కార్యకారణ సంబంధం, అది చెడిపోతే కారణం వెతికి సరిచేస్తాం, ఇందులో భయపడాల్సిందేముంది అన్నాను.

బండి కొన్న రోజున ఆవిడ అడిగింది ఒక్క కొబ్బరికాయ. అంతకుముందు ఎడిసన్ అనే ఊళ్లో తెలుగువాళ్ల మధ్య ఉన్న రోజుల్లో మా వాళ్లు కొత్త కారును షోరూం నుంచి నేరుగా గుడికి తోలుకెళ్లి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, బానెట్ మీద కుంకుమ రుద్ది, ఆ కుంకుమ రంగులో ఇంకిపోతే మళ్లీ డీలరు దగ్గరికెళ్లి తగవు పడడం చూసి చూసి నాకు ఒళ్లు మండి ఉంది. ఆ మంటంతా ఆ రోజు బయటపెట్టాను. కొబ్బరికాయకూ ఇంజనుకూ మధ్య ఏ సంబంధమూ లేదని షోరూం ముందు, గడ్డ కట్టే చలిలో, ఆవిడ ముక్కు ఎర్రబడేదాకా వివరించాను. ఆవిడ విని, "సరే, ఎక్కు, పోదాం" అంది. నేను గెలిచాననుకున్నాను. ఇంట్లో నేను గెలిచిన వాదాలన్నీ దాదాపు ఇలాంటివే. అవతలి పక్షం మధ్యలో లేచి కుక్కరు పెట్టడానికి వెళ్లిపోతుంది.

కొబ్బరికాయ ఇవ్వకపోయినా ఆవిడకు నేను సైన్సు ఇచ్చాను. ఇంజన్ పక్కన సైలెన్సర్ ఊరికే వేడెక్కి, ఆ వేడంతా గాలిపాలవుతోందని గమనించాను. కేకులు చేసే పాత రేకు తొట్టి ఒకటి తెచ్చి సైలెన్సర్ మీదున్న పలకకు ఇనుప తీగతో బిగించాను. పొద్దున్నే నేను అన్నం, పప్పు సర్దిన స్టీలు డబ్బా ఆ తొట్టిలో పెట్టి, ఇంజన్‌ను కప్పే పక్క మూత వేసేస్తాను. ఆవిడ షెడ్డు చేరేసరికి భోజనం పొగలు కక్కుతూ ఉంటుంది. డబ్బా తీసి కారులో పెట్టుకుని వెళ్లిపోతుంది. వృథా అయ్యే శక్తిని మనిషికి ఉపయోగపడేలా మళ్లించాను. ఈ తొట్టి గురించి మా ఆదివారం సభలో ఒక ప్రసంగం కూడా చేశాను.

ఆదివారం సభ అంటే ఎడిసన్, ఇర్వింగ్, హెర్న్‌డన్ లాంటి అమెరికా ఊళ్లలో చెదిరిపోయిన మా పాత హేతువాద మిత్రులం వారానికోసారి వీడియోలో కలుసుకోవడం. పద్ధతి మాత్రం మేము కుర్రతనంలో నేర్చుకున్నదే. ఒకరు తీర్మానం ప్రవేశపెడతారు, ఒకరు ఖండిస్తారు, చివర ఓటు. తొట్టి తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

జనవరిలో ఒక సాయంత్రం నా భార్య హెల్మెట్ తీస్తూ, బండి ఇంజన్‌లో ఏదో చప్పుడు వస్తోందని చెప్పింది. టకటకమని. స్పీడు పెంచితే మొదలవుతుంది, తగ్గిస్తే ఆగిపోతుంది. నేను వెంటనే బయటికి వెళ్లి బండిని పెద్ద రోడ్డు దాకా తోలి, వెనక్కి తెచ్చాను. చప్పుడు లేదు. మర్నాడు సాయంత్రం మళ్లీ అదే మాట. మళ్లీ తోలాను. లేదు. బెల్టు చూశాను, ఆయిలు చూశాను, స్కీల బోల్టులు బిగించాను. ఇంజన్ కిందికి టార్చి వేసి, చలికి వేళ్లు తిమ్మిరెక్కేదాకా పడుకుని చూశాను. లోపల అంతా సవ్యంగా ఉంది.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవాలంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. బాబాల మహిమల మీద రాసిన వ్యాసాల్లో నేను పదే పదే వాడిన వాదం ఒకటుంది. చూశానన్న మనిషికి తప్ప మరెవరికీ కనబడని దాన్ని సాక్ష్యంగా తీసుకోలేం అనేది. దాన్ని మడత కూడా విప్పకుండా తెచ్చి నా భార్య ముందు పెట్టాను. హెల్మెట్ వదులైందేమో, గాలి చెవిలో కొడుతోందేమో, అలసటకు లేని చప్పుళ్లు వినిపించడం మామూలే అని కూడా కలిపాను.

మా ఇంట్లో ఒక ఏర్పాటుంది. పెళ్లయిన కొత్తలో, భర్తను బహువచనంలో పిలవడం బానిసత్వమని నేను ఉద్యమించి, నన్ను నువ్వు అనమని ఆవిడను ఒప్పించాను. అప్పటి నుంచి నువ్వు అనే అంటుంది. బాగా కోపం వచ్చినప్పుడు మాత్రం నాకు గౌరవం దక్కుతుంది.

"మీరు చెప్పేది అర్థమైంది" అంది. "మా క్లినిక్‌కి తల్లులు వస్తారు. రాత్రంతా పిల్లాడు దగ్గాడు డాక్టర్ అంటారు. ఆ పిల్లాడు నా ముందు ఒక్కసారి కూడా దగ్గడు. అయినా నేను తల్లిని నమ్ముతాను. ఏ టైంలో దగ్గాడు, పడుకుంటేనా, తిన్నాకనా అని అడుగుతాను. మీరు నన్ను ఒక్క ప్రశ్న అడిగారా?"

అడగలేదు. అప్పుడు అడిగాను, కొంచెం ముద్దాయిలా నిలబడి. పొద్దున వెళ్లేటప్పుడే వస్తుందని, సాయంత్రం వచ్చేటప్పుడు ఎప్పుడూ రాలేదని చెప్పింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. రాత్రంతా చలికి బిగుసుకుపోయిన ఇంజన్‌లో పిస్టన్ కాస్త వదులుగా ఉండి గోడలకు కొట్టుకుంటుంది, వేడెక్కాక సర్దుకుంటుంది. పొద్దున వచ్చే చప్పుడుకు ఇంతకంటే చక్కని కారణం ఏముంటుంది? ఆదివారం సభలో "ఆ చప్పుడు పిస్టన్‌దే" అని తీర్మానం ప్రవేశపెట్టాను. ఎడిసన్‌లో ఉండే నా కాలేజీ స్నేహితుడు, రిటైరైన రసాయన శాస్త్రవేత్త, అలవాటుగా వ్యతిరేకించాడు. సాయంత్రం కూడా బండి పగలంతా చలిలోనే నిలబడి ఉంటుంది కదా, అప్పుడెందుకు రాదు అన్నాడు. షెడ్డులో ఉంటుంది కాబట్టి అంత చల్లబడదన్నాను. అతనికి ఎవరూ మద్దతివ్వలేదు. హాజరైన వాళ్లలో స్నోమొబైల్‌ను కళ్లారా చూసినవాడు లేడు, ఎండలు కాసే ఇర్వింగ్ వాళ్లకు మంచు చూసే భాగ్యమే అరుదు. అయినా తీర్మానం భారీ మెజారిటీతో నెగ్గింది. ఇంజన్ లోపల ఏం జరుగుతోందో చేతులెత్తి తేల్చాం. గ్రహణం రోజున బియ్యం మీద దర్భలు వేసేవాళ్లను చూసి నవ్వే మనుషులం.

ఇంజన్‌కు దుప్పటి కప్పాను. పొద్దున్నే లేచి చాలాసేపు నడిపి, వేడెక్కించి ఇచ్చాను. చప్పుడు వచ్చిందట. కారు వెనక ట్రెయిలర్ తగిలించి పట్నంలోని వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ ఒకామె బండిని పైకెత్తి, తిప్పి, చెవి పెట్టి విని, ఇంత శుభ్రమైన ఇంజన్ ఈ సీజన్‌లో చూడలేదని, చప్పుడు వచ్చినప్పుడు తీసుకురమ్మని పంపేసింది.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నన్ను భయపెట్టింది చప్పుడు కాదు. ఏదో ఒక సాయంత్రం నా భార్య బూట్లు విప్పుతూ, ఆ రోజు ఒక్క కొబ్బరికాయ కొట్టి ఉంటే అంటుందని. ఆ మాటకు జవాబు మొత్తం తయారుచేసి పెట్టుకున్నాను. పాత్రలు తోముతూ, మంచు ఎత్తిపోస్తూ మనసులో వాదిస్తూనే ఉన్నాను. ఆవిడ ఆ మాట ఎప్పుడూ అనలేదు.

తర్వాత ఒక ఉదయం గాలి, మంచు కలిసి విసిరికొట్టాయి. సగం దారిలో చప్పుడు మామూలు కంటే గట్టిగా, ఎవరో సుత్తితో కొట్టినట్టు వచ్చిందట. ఇంజన్ పగులుతుందేమోనని ఆవిడ బండి ఆపేసి, భోజనం డబ్బా సంచీలో వేసి భుజాన తగిలించుకుని, మోకాలి లోతు మంచులో పెద్ద రోడ్డు దాకా నడిచింది. ఆస్పత్రికి ఆలస్యంగా చేరింది. అప్పటికే ఒక తల్లి జ్వరంతో కాలిపోతున్న పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది. బిడ్డకు ప్రమాదం తప్పింది. మధ్యాహ్నం ఫోన్‌లో ఆవిడ గొంతు చాలా మర్యాదగా ఉంది.

"మీ బండి దారిలో ఉంది, తెచ్చుకోండి. వచ్చే సోమవారం దాకా చూస్తాను. ఆ తర్వాత అపార్ట్‌మెంట్‌కి అడ్వాన్స్ ఇచ్చేస్తాను."

వెళ్లాను. నడుము దాకా మంచు పట్టిన బండి స్టార్ట్ చేశాను. కడుపునిండా పాలు తాగి పడుకున్న పసిపాపలా ఉంది. ఇంటి దాకా ఒక్క టక్కు లేదు. ఇల్లు కనబడగానే మొదటిసారి దిగులేసింది. ఈ కిటికీ, ఈ బల్ల, ఈ జింకలు, సోమవారం తర్వాత నాకొక్కడికే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడకు కోపం తగ్గి ఏకవచనంలోకి వచ్చింది. పప్పు కలుపుకుంటూ, ఇంకో సంగతి ఉందని, చెబితే నేనేమంటానోనని చెప్పలేదని అంది.

"శనివారాలు రాదు."

"ఏది రాదు?"

"చప్పుడు. శనివారం కూడా డ్యూటీకి వెళ్తానుగా. అదే టైం, అదే చలి. రాదు."

నా భార్య శనివారాలు ఉపవాసం ఉంటుంది. వేంకటేశ్వరస్వామికి. పగలు కోటు జేబులో ఒక అరటిపండు, రాత్రి పలహారం. ఈ ఉపవాసం మీద నేను రాసిన వ్యాసాన్ని చదివి, ఒక అచ్చుతప్పు దిద్ది ఇచ్చిన మనిషి. ఇప్పుడు నా ఎదుట కూర్చుని, ఎలాంటి విజయగర్వం లేకుండా, తను ఉపవాసం ఉన్న రోజున మాత్రం బండి పల్లెత్తు మాట అనడం లేదని చెబుతోంది.

కాకతాళీయం అన్నాను. ఆవిడ తల ఊపింది. పరీక్షించి చూద్దాం అన్నాను. ఒక గురువారం కూడా ఉపవాసం ఉండమని అడిగాను. నలభై ఏళ్లుగా ఉపవాసాల మీద కత్తి దూసినవాడు పెళ్లాన్ని బతిమాలి అదనంగా ఇంకో రోజు పస్తుంచాడు. ఆవిడ నవ్వి ఒప్పుకుంది. గురువారం సాయంత్రం తిరిగొచ్చి, హెల్మెట్ తీసి, నా మొహంలోకి చూసి, "రాలేదు" అని మాత్రం చెప్పి స్నానానికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నేను పడిన బాధ ఏ ఆస్తికుడికీ వద్దు. ఏ స్వామీజీ అయినా ఇంత పకడ్బందీ ప్రయోగం చూపించి ఉంటే నేనేమనేవాణ్ణి? మళ్లీ చేయండి అనేవాణ్ణి. నాకు మళ్లీ చేయాలని లేదు. మళ్లీ చేస్తే మళ్లీ అదే వస్తుందని భయంగా ఉంది. ఇష్టం లేని ఫలితాన్ని దాచిపెట్టే శాస్త్రవేత్తల మీద నేను ఎంత నిప్పులు కురిపించానో గుర్తుంది. సరిగ్గా అదే చేశాను. ఆదివారం సభలో ఎవరో పిస్టన్ ఎలా ఉందని అడిగితే, పరిశీలనలో ఉందన్నాను.

ఎడిసన్ స్నేహితుడు మాత్రం పసిగట్టాడు. సభ అయిపోగానే ఫోన్ చేశాడు. మొత్తం చెప్పేశాను. అవతల నుంచి దగ్గు వినిపించింది, అది నవ్వని తర్వాత తెలిసింది.

"ఏం రా, ఇంక తిరుపతికి టికెట్ బుక్ చేయమంటావా?"

"నవ్వకు. రేపే సోమవారం."

"ఆ మాట అటుంచు. నువ్వు ఎప్పుడైనా ఆవిడతో కలిసి వెళ్లావా?"

"టెస్ట్ డ్రైవ్ ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు."

"నువ్వొక్కడివీ కాదు రా బాబూ. ఆవిడతో. ఆవిడ వెళ్లే టైంకి, ఆవిడ వెళ్లినట్టు."

వెళ్లలేదు. ఆ చప్పుడును గురించి ప్రసంగించాను, తీర్మానించాను, ఓటింగు పెట్టాను, దానికోసం మనిషిని పస్తుంచాను. చప్పుడు విన్న మనిషి వెనక కూర్చుని వెళ్లాలని మాత్రం తోచలేదు.

సోమవారం పొద్దున ఇద్దరం బయల్దేరాం. ఎప్పటిలాగే డబ్బా కట్టాను. నిజానికి ఆ రోజు మామూలు డబ్బా కాకుండా రెండు అరల పెద్ద డబ్బా. సుత్తి దెబ్బలు వినిపించిన ఉదయం కూడా ఆ పెద్దదే కట్టాను. ఆవిడకు అప్పటికే నా మీద కోపంగా ఉందని, కాస్త కూర ఎక్కువ పెడితే మెత్తబడుతుందని. తొట్టిలో దాన్ని పెట్టి పక్క మూత వేశాను. ఆవిడ తోలింది. నేను వెనక కూర్చున్నాను.

చెట్ల మలుపు దాటగానే స్పీడు పెంచింది. అప్పుడు విన్నాను. టకటకటకటక. స్పష్టంగా, నిస్సందేహంగా, కాళ్ల దగ్గర నుంచి. ఆవిడ భుజం మీద తట్టాను. హెల్మెట్ లోపలి నుంచే అరిచింది.

"వినిపించిందా?"

"వినిపించింది!"

అంత సంతోషంగా ఆవిడతో నేను ఏకీభవించిన సందర్భం మా కాపురంలో మరొకటి లేదు.

బండి ఆపింది. ఇంజన్ నడుస్తుండగానే నేను దిగి పక్క మూత తీశాను. ఆవిడ బ్రేకు పట్టి నెమ్మదిగా ఆక్సిలరేటర్ నొక్కింది. ఇంజన్ వణుకుతోంది, సైలెన్సర్ వణుకుతోంది, దాని మీద నా తొట్టి వణుకుతోంది, తొట్టిలో రెండు అరల స్టీలు డబ్బా పూనకం వచ్చినట్టు ఊగుతూ అంచులకు కొట్టుకుంటోంది. టకటకటక. ఆవిడ కూడా దిగి వచ్చి, వంగి చూసి, డబ్బా బయటికి తీసింది. నేను వెళ్లి ఆక్సిలరేటర్ నొక్కాను. ఇంజన్ హోరు తప్ప ఒక్క టక్కు లేదు.

శనివారం డబ్బా లేదు. గురువారం డబ్బా లేదు. సాయంత్రాలు ఖాళీ డబ్బా ఆవిడ సంచీలో ఉంటుంది. నా టెస్ట్ డ్రైవ్‌లలో, వర్క్‌షాపులో, ఎక్కడా డబ్బా లేదు. బెల్టు నుంచి దేవుడి దాకా అన్నింటినీ అనుమానించాను. నేను పెట్టినదాన్ని తప్ప.

ఆవిడ వేడి డబ్బాను రెండు చేతుల మధ్య పెట్టుకుని నిలబడి ఉంది.

"అయితే ఇన్నాళ్లూ నన్ను హడలగొట్టింది నీ టొమాటో పప్పా?"

తొట్టిలో గుడ్డ పరిస్తే సరిపోతుందని, లేకపోతే రబ్బరు ముక్క బిగిస్తానని గబగబా చెప్పబోయాను.

"వద్దులే" అంది. "ఆస్పత్రిలో మైక్రోవేవ్ ఉంది."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచి. నేను తినేది మధ్యాహ్నం కదా. అప్పటికి ఇదెలాగూ చల్లారిపోతుంది. రోజూ వేడి చేసుకునే తింటున్నాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు పొద్దున్నే లేచి అంత శ్రద్ధగా కట్టి, అందులో పెట్టి, మూత వేసి, చేయి ఆనించి చూసుకునేవాడివి. ఎవరి నమ్మకం వాళ్లది అనుకున్నాను."

జీవితంలో ఎన్నో వేదికల మీద ఎన్నో ఖండనలు విన్నాను. ఒక్క వాక్యంలో పూర్తయినది ఇదొక్కటే. గొంతులో ఆవేశం కూడా లేదు, డ్యూటీకి వేళవుతోందని వాచీ చూసుకుంటూ అన్న మాట.

డబ్బా ఆవిడ సంచీలో పెట్టుకుని, మిగతా దారి ఆ టకటక లేకుండా వెళ్లాం. షెడ్డు దగ్గర కారెక్కుతూ, అపార్ట్‌మెంట్ వాళ్లకు మధ్యాహ్నం ఫోన్ చేసి వద్దని చెబుతానంది. ఇల్లు నిలబడింది. దానికి కొత్త షరతు ఒకటి జతపడింది. ఇక మీదట తనకు ఏదైనా వినిపించిందంటే వినిపించినట్టే, నేను ముందు ప్రశ్నలు అడగాలి, ఉపన్యాసం తర్వాత. దీని మీద సభ పెట్టకూడదు, ఓటింగు ఉండదు. ఒప్పుకున్నాను. తర్వాత డబ్బా నా చేతిలో పెట్టి, ఇవాళ క్యాంటీన్‌లో తింటాను, ఇది నువ్వు తినేయమని చెప్పి వెళ్లిపోయింది.

కారు కనుమరుగయ్యాక బండి వెనక్కి తిప్పాను. డబ్బాను ఒళ్లో పెట్టుకోవచ్చు, సీటు కింద పెట్టవచ్చు. చేతులు మాత్రం అలవాటు కొద్దీ దాన్ని తీసుకెళ్లి తొట్టిలో పెట్టి, మూత వేసి, ఒకసారి ఆనించి చూశాయి. స్పీడు పెంచగానే మొదలైంది. టకటకటకటక. ఆపి తీసేయడం ఎంతసేపు పని? ఆపలేదు. ఇల్లు వచ్చేదాకా ఆ చప్పుడు వింటూనే వచ్చాను. జింకలు రెండు దారి పక్కన తలలెత్తి చూశాయి.

ఇంటి పక్క గరాజ్‌లో బండి దగ్గర నిలబడే డబ్బా మూత తీశాను. ఆవిరి మొహానికి కొట్టింది. అన్నం పొయ్యి మీద నుంచి దించినట్టుంది, పప్పు నాలుక కాలేంత వేడిగా ఉంది. తొట్టి అద్భుతంగా పనిచేస్తోంది. చేరగానే తినేవాడు ఒకడు ఉండాలి, అంతే. తెల్లవారి అప్పటికి ఎంతోసేపు కాలేదు, నేను ఉప్మా తినే బయల్దేరాను. అయినా మొత్తం తిన్నాను.